అద్దాల లిఫ్టు

దొనా ఇరాసీ చెవిని వేలితో కిందికి మడిచి పట్టుకుని, జురేమా ఇనుప దువ్వెనను పొయ్యి మంట మీంచి తీసింది. తడిగుడ్డకు ఒకసారి ఆనిస్తే చుయ్యిమంది. ఆ చప్పుడును బట్టే వేడి ఎంతుందో ఆమెకు తెలుస్తుంది. మరీ గట్టిగా అంటే జుట్టు మాడుతుంది, అసలు అనకపోతే వంకీ లొంగదు. కణత దగ్గరి పాయను లాగి పట్టుకుని, కుదురు నుంచి కొసదాకా ఊపిరి బిగపట్టి దువ్వెన లాగింది. మాడిన కొబ్బరినూనె పొగ ఆ ఇరుకు గదిలో కమ్ముకుంది.

"చెవి జాగ్రత్తే తల్లీ. పోయినసారి కాల్చిన మచ్చే ఇంకా మానలేదు" అంది ఇరాసీ.

"నువ్వు మాట్లాడ్డం మానితే నేను కాల్చడం మానతా."

ఇరాసీ పక్కింటి ముసలమ్మ, పెద్దరికానికి అందరూ దొనా అని పిలుస్తారు. జీడిమామిడి గుట్ట మీద పుట్టిన పిల్లల్లో సగం మందికి బొడ్డు కోసింది ఆమే. అందుకని ఎవరిని ఏమన్నా చెల్లుతుంది.

అప్పుడే కూతురు తైనా గుమ్మంలోకి వచ్చింది. గుట్ట మెట్లన్నీ ఎక్కి వచ్చిన పిల్ల ఆయాసం కూడా తీర్చుకోకుండా గోడకు ఆనుకుని నిలబడింది. పొద్దున తల్లి ఇస్త్రీ చేసిచ్చిన తెల్లచొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది. నడుముదాకా జారే తిన్నని జుట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏమయిందే? చూశారా?" అంది జురేమా.

"చూశారు."

"చూసి?"

"నేను తెల్లదాన్నట."

జురేమా ముందు నవ్వింది. నవ్వుతూనే కూతురి మొహం చూసింది. చూశాక చేతిలోని దువ్వెనను తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది, పొయ్యి కట్టేసింది. ఒక తల సగంలో ఉండగా ఆమె పొయ్యి కట్టెయ్యడం ఇరాసీ అంతకుముందెప్పుడూ చూడలేదు.

"అసలదేం సీటే? నాకర్థమయ్యేట్టు చెప్పు" అంది ఇరాసీ, సగం తల నున్నగా, సగం తల పొదలా పెట్టుకుని.

తైనా నేల మీద కూర్చుంది. "డాక్టరు చదువు సీట్లలో సగం మాలాంటి సర్కారు బడి పిల్లలకు, దొనా ఇరాసీ. ఆ సగంలో కొన్ని బీదవాళ్ళకు. కొన్ని నల్లవాళ్ళకు, చామనఛాయ వాళ్ళకు. బీదల సీటుకు నా మార్కులు కాస్తలో చాల్లేదు. ఈ రెండోదానికి చాలాయి. కానీ దీనికి మార్కులుంటే సరిపోదు, మనిషిని చూడాలి."

"మనిషిని చూడ్డమేంటే, సంతలో గొడ్డునా?"

"అలాగే చూశారు. బల్ల వెనకాల అయిదుగురు. పక్కన కెమెరా. 'నేను తైనాను, చామనఛాయ మనిషినని చెప్పుకుంటున్నాను' అని పైకి చదవమన్నారు. చదివాను. ఒకాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇంకొకావిడ నా జుట్టే చూస్తోంది. ఏమీ అడగలేదు. వెళ్ళమన్నారు. బస్సు దిగేసరికి ఫోన్లో వచ్చేసింది."

"తెల్లదాన్నట!" జురేమా గొంతు లేచింది. "ఆ కుళాయి చూడమను, నీళ్ళొచ్చి ఎన్నాళ్ళయిందో. ఆ కప్పు చూడమను. వానొస్తే గిన్నెలు పెట్టుకుని పడుకుంటాం. తెల్లవాళ్ళ కొంపలు ఇలా ఉంటాయా?"

"గుట్ట మీద బీద తెల్లవాళ్ళు లేరా ఏంటి" అని గొణిగింది ఇరాసీ.

"ఉంటే వాళ్ళకీ ఇవ్వమను! నేనొద్దన్నానా? నన్ను చూడు. నల్లగా, కాలిన దువ్వెనలా ఉన్నాను. నా కడుపున పుట్టింది తెల్లదెలా అయింది?"

ఇరాసీ గాజుకన్ను లాంటి తన మసక కన్ను తైనా వైపు తిప్పింది. "పుట్టిన రోజున నేనే కదే అన్నాను, తెల్లపిల్లను కన్నావు, నీది కడిగిన కడుపని. పెద్దాడు వెండెల్ నీలాగే పుట్టాడు, ఇది వాళ్ళ నాన్నలా పుట్టింది. గుట్టంతా వచ్చి చూసిపోయారు. నువ్వు మురిసిపోలా? ఎండ తగలనిచ్చావా దాన్ని? అయిదో ఏడు నుంచీ జుట్టుకు మందు రాసి తిన్నగా చేస్తివి. మరీ శుభ్రంగా కడిగేశావే జురేమా, రంగు మిగల్లేదు."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. జురేమా గబుక్కున పొయ్యి వెలిగించి, "తల తిప్పకు" అని కసిరింది.

ఇరాసీ ఊరుకుంటుందా? "ఆ సముద్రం ఒడ్డు మేడలో నా కూతురు అద్దాల లిఫ్టు ఎక్కుతుందని నువ్వే కదూ అందరికీ చెప్పేదానివి" అని కూడా అంది.

చెప్పేది, నిజమే. శనివారం శనివారం జురేమా ఆ మేడలో దొనా ఎలోయిజా ఇంటికి జుట్టు చెయ్యడానికి వెళుతుంది. ఆ మేడకు రెండు లిఫ్టులు. ముందుది ఇళ్ళ వాళ్ళకు, వాళ్ళ చుట్టాలకు. మూడు వైపులా అద్దాలు, కింద తివాచీ. వెనకది పనివాళ్ళకు, చెత్త బుట్టలకు, తడిసిన కుక్కలకు. సాయం వస్తానని తైనా వెంటపడేది. కాపలా కాసే అదావుతో జురేమాను చూసి వెనక్కి చెయ్యి చూపేవాడు, తైనాను చూసి లేచి ముందు లిఫ్టు మీట నొక్కేవాడు. మొదటిసారి అలా జరిగినప్పుడు జురేమా కళ్ళు మెరిశాయి. ఆ తర్వాత అదొక ఆట అయింది. "పెట్టె నువ్వు ముట్టుకోకే, ముట్టుకుంటే నాతో పంపుతాడు" అని హెచ్చరించి, తన పనిముట్ల పెట్టె తనే మోసుకుంటూ చెత్తబుట్టల పక్కన నిలబడి పైకి వెళ్ళేది. పైన వంటింటి గుమ్మంలో కూతురు ముందే వచ్చి నవ్వుతూ ఎదురుపడితే, ఆ నవ్వు చూసుకుని వారమంతా బతికేది. ఇలాంటి దాన్ని చూసి మురిసిపోయే తల్లులు ఆ గుట్ట మీద ఇంకా చాలామంది ఉన్నారు.

మళ్ళీ అడగడానికి ఒక్క అవకాశం ఉందని తైనా చెప్పింది. ఎల్లుండి ఇంకో ముగ్గురు చూస్తారు. వాళ్ళూ కాదంటే సీటు లేదు, ఈ ఏటికి డాక్టరు చదువు లేదు.

"చూస్తారా? సరే, చూడనీ" అంది జురేమా.

మర్నాడు పొద్దెక్కగానే తైనాను డాబా మీదికి తోలింది. చేతులకూ మొహానికీ కొబ్బరినూనె పట్టించి, నీళ్ళట్యాంకు పక్కన దుప్పటి పరిచి పడుకోబెట్టింది. బడికెళ్ళే రోజుల్లో గొడుగు మరిచిపోతే సగం దారి పరిగెత్తి వచ్చి ఇచ్చిన తల్లి, ఇప్పుడు నీడ పడ్డప్పుడల్లా వచ్చి దుప్పటి జరిపింది. ఏ ఎండకా గొడుగంటారు. ఎండకు గొడుగు తీసేసిన తల్లిని మాత్రం గుట్ట మీద అదే మొదటిసారి చూడటం. పక్క డాబాల మీద బట్టలారేసుకునే ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వారు.

మధ్యాహ్నం అన్నానికి వెండెల్ వచ్చాడు. బండి మీద ఊరంతా తిరిగి ఇళ్ళకు భోజనాలు అందించే పని అతనిది. వీపు మీది చదరపు సంచి దించకుండానే డాబా మెట్లెక్కి చెల్లెల్ని చూశాడు.

"ఏంటమ్మా ఇది? వేపుడుకు పెట్టావా?"

"నోరు ముయ్యి. పళ్ళెంలో అన్నం, చిక్కుళ్ళు ఉన్నాయి, తిను."

వెండెల్ తినలేదు. ట్యాంకుకు ఆనుకుని కూర్చున్నాడు. "ఒక్క మాటడుగుతా. కోపం తెచ్చుకోకు. ఆ సీటు ఎవరికోసం పెట్టారు?"

"నీ చెల్లెలికోసం."

"కాదమ్మా. నా మొహం కోసం పెట్టారు."

తైనా లేచి కూర్చుంది. జురేమా చేతిలో నూనె సీసా అలాగే ఉంది.

"నీ చెయ్యి కాలి పనాగిపోయినప్పుడు బడి మానేసి సంచి ఎత్తుకున్నాను. ఇది చదవాలని ఎత్తుకున్నాను. దానికి నాకేం బాధ లేదు" అన్నాడు వెండెల్. "ఇద్దరం ఒక్క గిన్నెలో తిన్నాం. కానీ గుట్ట దిగితే పోలీసులు గోడకేసి నిలబెట్టేది నన్ను. మొన్న దీన్ని కోచింగు దగ్గర దింపుదామని వెనకాల ఎక్కించుకుంటే ఆపారు. ఏమడిగారో చెప్పవే అమ్మకి."

తైనా తల వంచుకుంది.

"నేను చెప్తాలే. నన్ను చేతులు పైకెత్తమని, దీన్ని అడిగారు, 'అమ్మాయిగారూ, ఈ కుర్రాడు మిమ్మల్నేమన్నా ఇబ్బంది పెడుతున్నాడా?' అని. మా అన్నయ్యండీ అంటే నవ్వారు. నమ్మలా."

ఆ సంగతి జురేమాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక కొడుకు మీదే మండింది. "అయితే? ఇది బీదది కాదా? ఆకలికి రంగుంటుందట్రా?"

"ఆకలికి లేదు. అన్నం పెట్టేవాడి కంటికుంది." వెండెల్ లేచి సంచి పట్టీలు బిగించుకున్నాడు. "బీదతనం ఈ సంచి లాంటిదమ్మా. దాని వీపు మీదా ఉంది, నా వీపు మీదా ఉంది. కానీ దాని సంచి దిగుతుంది. నాది దించినా దిగదు."

"దించేదెవడ్రా?" జురేమా అరిచింది. పక్క డాబాల మీద నవ్వులు ఆగిపోయాయి. "ఊరికే దిగుతుందా? ఆ సీటొస్తే దిగుతుంది, డాక్టరయితే దిగుతుంది. అడ్డం పడి మాట్లాడతావు! ఒక్క ముద్ద పడేసి అన్నాచెల్లెళ్ళని కొట్టుకోమన్న వాళ్ళని అడగవేం?"

"వాళ్ళు నాకు తలుపు తియ్యరు కదా, అడగడానికి" అన్నాడు వెండెల్. మెట్లు దిగుతూ మళ్ళీ ఆగి, "వస్తే సంతోషించేది అందరికంటే ముందు నేనే. అబద్ధం మాత్రం ఆడలేను" అనేసి వెళ్ళిపోయాడు. అన్నం పళ్ళెంలోనే ఉండిపోయింది.

తైనా కిందికి వెళ్ళి కత్తెర పట్టుకొచ్చింది.

"కత్తిరించమ్మా."

"వాళ్ళకోసం జుట్టు తీయిస్తావా?"

"వాళ్ళకోసమయితే అన్నయ్య ఊరుకోడు. నా జుట్టు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్ళేదు. అందుకని."

పరీక్షల చదువుల్లో పడి కొన్ని నెలలుగా మందు రాయించుకోలేదు. కుదుళ్ళ దగ్గర బొటనవేలు పొడుగున కొత్త జుట్టు వచ్చింది. జురేమా దాన్ని చూడకుండానే ఇన్నాళ్ళూ పైపైన దువ్వుతూ వచ్చింది. ఇప్పుడు మొదటి పాయ వేళ్ళ మధ్య పట్టుకుని, మందు తిన్న జుట్టు ఎక్కడ మొదలవుతుందో తడిమి చూసుకుని కత్తెర వేసింది. తిన్నని జుట్టు దుప్పటి మీద పడింది. కుదుట్లో మిగిలింది చుట్టుకుని నెత్తికి అంటుకుంది. ఇంకో పాయ. ఇంకొకటి. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. అక్కడి వంకీలు చిన్నచిన్న ఉంగరాల్లా ఉన్నాయి. అవి జురేమా తల్లివి. ఆ ముసలమ్మ జుట్టును అందరూ చెడ్డ జుట్టు అనేవాళ్ళు, ఆమె కూడా అదే అనుకుంటూ చచ్చిపోయింది.

ఇంతకాలం తను చేసిన పనేమిటో జురేమాకు ఆ మెడ మీద కనిపించింది. ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది. చెడ్డదని ఎవరు చెప్పారు? టీచరు చెప్పింది, పనిచ్చినావిడ చెప్పింది, ఇరాసీ చెప్పింది, తనూ తన దువ్వెనతో రోజూ గుట్టంతటికీ చెబుతూనే ఉంది. చెప్పినందుకు ఇంత తిండి దొరికింది. ఇప్పుడు అదే నోళ్ళు వచ్చి, మీ పిల్ల జుట్టు మరీ బాగుంది పొమ్మంటున్నాయి.

తైనా తల తడుముకుంది. "గొర్రెపిల్లలా ఉన్నానా?"

"మా అమ్మలా ఉన్నావు" అంది జురేమా.

శుక్రవారం నాడు ఇద్దరూ బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. లోపలికి తల్లిని రానివ్వలేదు. జురేమా వరండాలో నిలబడింది. ఆమె ముందు నుంచి తండ్రుల వెంట, తల్లుల వెంట పిల్లలు ఒక్కొక్కరే వెళుతున్నారు. ఒక పిల్ల పాలలా తెల్లగా ఉంది. చేతిలో చట్రం కట్టిన పాత ఫొటో. అందులో నల్లటి ముసలమ్మ ఎవరో కుర్చీలో కూర్చుని ఉంది. బయట కారులో డ్రైవరు ఎదురుచూస్తున్నాడు. ఆ పిల్లను చూడగానే జురేమా చెయ్యి చెంప పగలగొట్టాలని దురద పెట్టింది. ఇలాంటి వాళ్ళు దూరబట్టే కదా నా పిల్లను గొడ్డును చూసినట్టు చూస్తున్నారు అనుకుంది.

తైనా కాసేపటికే బయటికొచ్చింది. మళ్ళీ అదే వాక్యం, అదే కెమెరా. ఫలితం వచ్చేదాకా ఇద్దరూ గేటు బయట బస్సుస్టాపు బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న మొక్కజొన్న రొట్టె తుంచుకు తిన్నారు. రొట్టె అయిపోయింది, ఫోను మోగింది. తైనా చూసి, ఏమీ అనకుండా తల్లికి అందించింది.

లేదు. తెల్లదే.

సరిగ్గా అప్పుడే, గేటులోంచి ఒక నల్లటి పెద్దావిడ నడిచి వచ్చి అదే బల్ల చివర కూర్చుంది. నెరిసిన జుట్టును పొట్టిగా కత్తిరించుకుంది. చేతిలో బస్సు కార్డు. తైనా తల్లి మోచెయ్యి పట్టుకుని గుసగుసగా, "లోపల మధ్యలో కూర్చున్నది ఆవిడే. ప్రొఫెసర్ నొయేమియా అని పిలిచారు" అంది. అంది గానీ, అనకుండా ఉండాల్సింది.

జురేమా వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడింది. "మీరేనా నా కూతుర్ని చూసింది?"

ఆవిడ తలెత్తింది. "ఆ సంగతి నేను బయట మాట్లాడకూడదమ్మా."

"మాట్లాడకండి. వినండి. నన్ను చూడండి. నేనెవర్ని?"

"నల్లవారు. అది చెప్పడానికి ముగ్గురు కూర్చోనక్కర్లేదు."

"అది నా కడుపున పుట్టింది."

"కడుపును చూడొద్దన్నారు మాకు." నొయేమియా గొంతు తగ్గించింది. "ఫొటో పట్టుకుని లోపలికొచ్చిన పిల్లను చూశారు కదా? ఈ దేశంలో నల్లటి ముత్తవ్వ లేనిదెవరికి? ముత్తవ్వల్ని లెక్కేస్తే ఒక్క సీటూ మీలాంటి మొహానికి దక్కదు. అందుకని ఎదురుగా ఉన్న మనిషినే చూడాలని పెట్టారు. పెట్టించడానికి మేమెంత కొట్లాడామో మీకు తెలీదు."

"మా ఇంట్లో కారు లేదు, డ్రైవరు లేడు. నీళ్ళే లేవు. అది కనపడదా మీకు?"

"కనపడింది. చెప్పులు చూస్తేనే తెలిసింది."

"మరి?"

"అది చూసి ఇచ్చే సీట్లు వేరేగా ఉన్నాయి. చాలవు. చాలవని నేనూ అరుస్తూనే ఉన్నాను. మిగతా సగం డబ్బు కట్టి చదివిన పిల్లలది. దాని జోలికి పోతే మాత్రం ఎవడూ ఊరుకోడు." ఆవిడ కార్డును వేళ్ళ మధ్య తిప్పుతూ చెప్పింది. "నా ముందు పెట్టిన ప్రశ్న ఒక్కటేనమ్మా. ఆ పిల్ల ఒక్కతే వెళ్ళి పెద్దవాళ్ళ మేడ గుమ్మంలో నిలబడితే, కాపలావాడు ఏ తలుపు చూపిస్తాడు? మీరు చెప్పండి. కన్నతల్లి కదా, అబద్ధం చెప్పరని అడుగుతున్నా."

జురేమా నోరు తెరిచింది. దారంతా కూడబెట్టుకున్న తిట్లు నాలుక మీదే ఉన్నాయి. ఆ తిట్లకూ పెదవులకూ మధ్య అద్దాల లిఫ్టు వచ్చి ఆగింది. అదావుతో లేచి మీట నొక్కడం, తైనా లోపలికి అడుగుపెట్టడం, చెత్తబుట్టల పక్క నిలబడి తను మురిసిపోవడం, ఇరాసీకి గొప్పగా చెప్పుకోవడం. ఒక్కసారి కాదు, ఎన్ని శనివారాలో. ప్రశ్న అడగకముందే జవాబు ఊరంతా చాటుకున్న తల్లి ఇప్పుడు ఏమని చెబుతుంది?

బస్సొచ్చింది. నొయేమియా లేచి, "ఇంకో ఏడాది చదివించి బీదల సీటుకు రాయించండి, మార్కులు చూశాను, దగ్గర్లోనే ఆగింది" అంది మెల్లగా.

"ఇంకో ఏడాది కూడు మీరు పెడతారా?" అనగలిగింది జురేమా. ఆవిడ కార్డు పట్టుకుని బస్సెక్కింది.

ఇంటికి వెళ్ళేదాకా జురేమా కిటికీలోంచి చూస్తూనే ఉంది. వెండెల్ చెప్పింది నిజం. తను చెప్పింది నిజం. ఆ ప్రొఫెసరు చెప్పిందీ నిజమే. ఇన్ని నిజాలూ కలిసి తన పిల్లను వీధిలో నిలబెట్టాయి. ఆ మిగతా సగం సీట్ల వాళ్ళను మాత్రం ఎవరూ బల్ల ముందు నిలబెట్టి చూడరు, వాళ్ళ మొహాలకు కెమెరా పెట్టరు, మీ నాన్న ఏ లిఫ్టు ఎక్కుతాడని అడగరు. చూపించుకోవాల్సిన ఖర్మంతా గుట్ట మీది వాళ్ళదే. ఆ రాత్రి ఆమె వెండెల్‌కు వేడి వేడి అన్నం పెట్టి, వాడు తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది.

శనివారం వచ్చింది. సీటు పోయినా దొనా ఎలోయిజా జుట్టు ఆగదు.

"నేనూ వస్తా" అంది తైనా. గుమ్మం దగ్గర పనిముట్ల పెట్టె ముందుగా తనే అందుకుంది.

"అది ముట్టుకోకన్నానా" అనబోయి జురేమా ఊరుకుంది. ఇంక దాచుకోవడానికి ఏముంది?

మేడ ముందు ఆమె చెప్పు పట్టీ ఊడింది. వంగి సరిచేసుకుంటుంటే తైనా ముందు నడిచింది. అదావుతో తన బల్ల వెనకాల ఎవరికో వచ్చిన పార్సిళ్ళు సర్దుకుంటున్నాడు. తలుపు చప్పుడుకు కొంచెం తల తిప్పాడు. ఎండకు కమిలిన మొహం, నెత్తికంటిన ఉంగరాల జుట్టు, చేతిలో పెట్టె. అతని చెయ్యి లేచి వెనక్కి చూపింది.

"పనివాళ్ళది అటు, అమ్మాయ్."

తైనా కదల్లేదు. అదావుతో ఈసారి సరిగ్గా చూశాడు. "ఓరి దేవుడా! నువ్వా తల్లీ? జుట్టేం చేసుకున్నావ్? గుర్తే పట్టలేదు. రా, రా, ఇటు రా" అంటూ గబగబా వచ్చి ముందు లిఫ్టు మీట నొక్కాడు.

జురేమా తలుపు దగ్గరే నిలబడి అంతా చూసింది. నిన్న సీటు ఇవ్వడానికి తెల్లదయిన పిల్ల, ఇవాళ లిఫ్టు ఎక్కడానికి నల్లదయింది. రెంటికీ చెడ్డ రేవడంటే ఇదే.

"ఆగు అదావుతో" అంది దగ్గరికి వచ్చి. "ఏం చూసి అటు చూపించావు?"

"పొరపాటయింది, దొనా జురేమా..."

"పొరపాటు సంగతి కాదు. నిజంగానే అడుగుతున్నా. నాకు తెలియాలి. జుట్టు చూసా? పెట్టె చూసా?"

అదావుతో మంచివాడు. అడిగిన దానికి ఆలోచించి జవాబు చెప్పే మనిషి. తైనా తల వైపు చూశాడు, పెట్టె వైపు చూశాడు. తన కుడిచెయ్యి ఎత్తి దాని వైపూ చూసుకున్నాడు. ఆ చెయ్యి జురేమా చెయ్యంత నల్లగానే ఉంది.

"తెలీదండీ" అన్నాడు చివరికి. "చెయ్యి దానంతటదే లేచింది."

"నువ్వు ఏ లిఫ్టు ఎక్కుతావు?"

"నేనా? నేను మెట్లెక్కుతా."

లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుంది. ఆ తలుపు పక్కన గోడకు కొట్టిన ఇత్తడి పలక జురేమా కళ్ళబడింది. ఇన్నేళ్ళలో ఇటువైపు నిలబడితే కదా కనపడ్డానికి. వేలు పెట్టుకుని ఒక్కో మాటా చదివింది. రంగును బట్టి గానీ, జాతిని బట్టి గానీ, ఉన్నవాళ్ళా లేనివాళ్ళా అన్నదాన్ని బట్టి గానీ ఈ లిఫ్టు ఎవరికీ కాదనకూడదట. కాదంటే జరిమానాయట. రెండూ రాశారు. రంగూ రాశారు, లేమీ రాశారు. దేన్నీ వదల్లేదు.

"ఇదెప్పుడు పెట్టారు?"

"నేను పనిలో చేరకముందే ఉంది. మెరుస్తోంది కదూ?" అదావుతో చెప్పాడు. "వారం వారం నేనే తుడుస్తా."

జురేమాకు నవ్వు రాలేదు. కూతురి చేతిలోంచి పెట్టె తను తీసుకుంది. తీసుకుని, తివాచీ మీద కాలు పెట్టింది. తైనా వెనకాలే ఎక్కింది. "దొనా జురేమా, పైన వాళ్ళేమన్నా అంటే..." అని అదావుతో అంటుండగానే తలుపు మూసుకుంది.

మూడు వైపులా అద్దాలు. ఎటు చూసినా ఇద్దరే. కూతురి మెడ మీద అమ్మ ఉంగరాలు, వాటి పక్కనే ఇనుప దువ్వెనతో కాల్చి తిన్నగా చేసుకున్న తన జుట్టు. జురేమా ఎప్పుడూ ఇంతమంది జురేమాలను ఒకేసారి చూడలేదు.

"ఇప్పుడు పిలవమ్మా ఆ కమిటీని" అంది తైనా.

పైన తలుపు తెరుచుకుంటే ఎదురుగా హాలు. వంటింటి వైపు కాదు. దొనా ఎలోయిజా తడిజుట్టుకు తువాలు చుట్టుకుని, కాఫీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత జాలిగా మొహం పెట్టింది.

"అయ్యో జురేమా, ఇటునుంచి వచ్చావేం? వెనక లిఫ్టు పాడయిందా?"

జురేమా పెట్టెను తివాచీ మీద దించింది.

"లేదండీ" అంది. "అది బాగానే పనిచేస్తోంది."